ఆదివారం, అడవి పంది, కిలో 600

పదకొండున్నర అయింది. ఆయన పడుకున్నారు. అత్తమ్మ గదిలో ఫ్యాను చప్పుడు తప్ప ఇంట్లో ఇంకో చప్పుడు లేదు. నాకే నిద్ర రావట్లేదు. పొద్దున ఫోన్‌లో వచ్చిన మెసేజ్ ఒకటి ఇందాకటి నుంచీ మనసులో తిరుగుతూనే ఉంది.

మాకు నాటుకోళ్లు తెచ్చిచ్చే అబ్బాయి పెట్టాడు. "మేడమ్, అడవి పంది పడింది. సాయంత్రానికి వస్తుంది. కిలో 600. రెండు కిలోలు తీసుకుంటే 550." కింద దండం పెట్టే బొమ్మ. నాటుకోడి ఉందని ఎలా పెడతాడో అచ్చం అలాగే.

నేను జవాబివ్వలేదు. జ్వరం తగ్గినా అత్తమ్మకి నోరు చేదుగా ఉందని, కౌజు పిట్టలు తినాలని ఉందని మొన్నటి నుంచీ అంటున్నారు కదా, కొరిటెపాడు వైపు వెళ్లి రెండు జతలు తెచ్చాను. జత 140. మిరియాలూ అల్లమూ దట్టంగా పట్టించి వేపుడు చేశాను. ఒకటిన్నర పిట్ట తిన్నారావిడ. నెల రోజుల తర్వాత ఆవిడ ఇష్టంగా తినడం చూశాను. నిజానికి ఈ రాత్రి ఆ సంగతే రాద్దామని కూర్చున్నాను.

మధ్యాహ్నం డాబా మీద బట్టలు తీస్తుంటే మూడో అంతస్తు అక్క వచ్చింది. "నువ్వు చెప్పావా? నేను రెండు కిలోలు చెప్పా. మటన్ 900 పెట్టి వారం వారం ఎవరు కొనగలరు? ఇదే ప్రతి ఆదివారం వస్తే ఎంత బాగుండు!" అంది.

ప్రతి ఆదివారం. ఆ మాట ముల్లులా గుచ్చుకుంది.

"అది నేరం కదా అక్కా" అన్నాను. "మనమేమన్నా వేటకెళ్లామా? డబ్బిచ్చి కొంటున్నాం" అంది. 1972లో వచ్చిన వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం వేటాడిన జంతువు, దాని మాంసం ప్రభుత్వ ఆస్తి. అమ్మినా నేరమే, కొన్నా నేరమే, ఫ్రిజ్‌లో పెట్టుకున్నా నేరమే. ఇదంతా ఆవిడకి చెప్పాను. "టీచరమ్మవి అనిపించావు" అని నవ్వి, క్లిప్పుల డబ్బా తీసుకుని దిగిపోయింది. నేను తడి తువ్వాలు చేతిలో పట్టుకుని అక్కడే నిలబడ్డాను. ఆవిడ మంచిదే. అత్తమ్మకి జ్వరం వచ్చినప్పుడు మూడు రోజులు జావ కాచి పంపింది. అందుకే ఇంకా బాధగా ఉంది.

భోజనాల దగ్గర ఆయనకి చెప్తే, ఆయన తీరు తెలుసుగా, తల ఎత్తకుండానే "పోనీ అరకిలో చూద్దామా? చిన్నప్పుడు మీ ఊళ్లో తిన్నానని నువ్వే చెప్పావుగా" అన్నారు. నాకు ఎక్కడ లేని కోపం వచ్చింది. ఎప్పుడో పెళ్లయిన కొత్తలో, కరెంటు పోయిన రాత్రి, అరుగు మీద కూర్చుని ఆయనతో చెప్పుకున్న కబురది. అన్నేళ్లుగా మర్చిపోకుండా దాచుకుని దాన్ని ఇవాళ అరకిలో కోసం బయటికి తీస్తారా? సాంబారు గిన్నె గట్టిగా పెట్టాను. అత్తమ్మ ఇద్దరి మొహాలూ చూసి పెరుగు అడిగారు. ఆ తర్వాత ఆయన టీవీ ముందు, నేను వంటింట్లో. నాలుగు గంటల దాకా మాటల్లేవు.

అవును, తిన్నాను. 1982 సంక్రాంతి సెలవులనుకుంటా, నాకు తొమ్మిదేళ్లు. అమ్మమ్మ వాళ్ల ఊరు వెల్దుర్తి దాటాక కొండ మొదట్లో ఉంటుందని ఇక్కడ చాలాసార్లు రాశాను. తెల్లారకముందే కుక్కల అరుపులు. లేచి వెళ్లేసరికి చింతచెట్టు కింద పంది పడి ఉంది. వీపు మీద వెంట్రుకలు కుచ్చులా నిక్కి ఉన్నాయి. మంచుకి ముట్టె తడిగా ఉంది, బతికే ఉందేమో అనిపించేలా. కందికంప మంట వేసి వెంట్రుకలు కాల్చారు. ఆ కమురు వాసన నా లంగాకి మూడు ఉతుకుల దాకా పోలేదు.

తర్వాత మోదుగ ఆకులు పరిచి పోగులు వేశారు. ముప్పై ఒక్క గడపకి ముప్పై ఒక్క పోగు. ప్రతి పోగులో ఇంత కండ, ఇంత కొవ్వు, ఒక ఎముక, చిటికెన వేలంత కార్జం ముక్క. ఒక పోగులోది తీసి ఇంకో దాంట్లో వేస్తూ, దూరం నుంచి చూస్తూ, మళ్లీ సర్దుతూ, చాలాసేపు పట్టింది. అప్పుడు తాతయ్య నన్ను పిలిచి వెనక్కి తిరిగి నిలబడమన్నాడు. చిన్నపిల్ల చూడకుండా చెప్తే ఎవరికీ పేచీ ఉండదని. ఒకాయన కర్రతో పోగు చూపించి "ఇది ఎవరికి?" అని అరుస్తాడు. నేను గోడవైపు చూస్తూ ఒక ఇల్లు చెప్పాలి. "బావి దగ్గర ఇంటికి." "ఇది ఎవరికి?" "గాజుల అవ్వకి." "ఇది?" "బడిపక్క ఇంటికి." గొంతు వణికింది మొదట్లో. పదో పోగు దగ్గరికి వచ్చేసరికి ఊరంతా నా నోటివెంట నడుస్తున్నట్టు అనిపించింది. మా ఇంటి పేరు చెప్పడం మర్చిపోయాను. చివరికి మిగిలింది మాది.

గాజుల అవ్వ ఊరి చివర ఒక్కతే ఉండేది. మా తాతయ్యకి ఎంత వచ్చిందో ఆవిడకీ అంతే వచ్చింది. తుపాకీ పట్టినాయనకి తల అదనం, అంతే. అమ్మమ్మ పెరట్లో మూడు రాళ్లు పెట్టి మట్టికుండలో వండింది. కారం, ఉప్పు, పసుపు, ధనియాలు. ఇంకేమీ వెయ్యలేదు. పొద్దున ఎక్కిస్తే పొద్దు వాలాక గానీ ఉడకలేదు. రుచి నాకు సరిగా గుర్తు లేదు. కర్ర శబ్దం, నా గొంతు గుర్తున్నాయి. రెండేళ్ల తర్వాత గానీ ఆ ఊళ్లో మళ్లీ పోగులు వేసినట్టు వినలేదు.

అప్పటికి చట్టం వచ్చి పదేళ్లు. ఆ కొండపక్క ఊళ్లో దాని పేరు విన్నవాళ్లు లేరు. అదీ నేరమే, కాదనను. కానీ ఎవరూ "కిలో ఎంత?" అనలేదు. పోగు ముప్పై ఒక్క గడపల దగ్గర ఆగిపోయింది. రేటు పెట్టాక గుంటూరులో ఎన్ని గడపల దగ్గర ఆగుతుంది? కొరిటెపాడు, బ్రాడీపేట, అరండల్‌పేట, ప్రతి బిల్డింగులో ఒక అక్క ప్రతి ఆదివారం రెండు కిలోలు చెప్తే?

ఈ 600 ఎలా వచ్చిందా అని వంటింట్లో కూర్చుని ఆలోచించాను. మటన్ 900లో గొర్రెలు కాసినవాడి ఎండావానా ఉంది, మేత ఉంది, మందులున్నాయి, సంతకి తోలిన లారీ కిరాయి ఉంది, కొట్టుమనిషి కూలి ఉంది. కౌజు పిట్ట జత 140లోనూ అంతే. అసలివి కౌజులు కాదంటారు అత్తమ్మ. కౌజు వేరు, పూరేడు వేరు, ఇవి పూరేడు జాతి అంటారు. ఆవిడ చెప్పిందే నిజం. ఇవి జపాన్ పూరేళ్లు. 1974లో అమెరికా నుంచి మన దేశానికి తెచ్చారు. ఐదు వారాల్లో కోతకి వస్తాయి. వీటినీ అడవి పిట్టలతో కలిపి చూసి 2011లో కొత్త ఫారాలకి అనుమతులు ఆపేశారు. పెంపుడు జాతేనని 2013లో మినహాయించారు. పొలం గట్టున తిరిగే పూరేడుని పట్టుకుంటే ఇప్పటికీ నేరమే. ఫారంలో పిట్టకి ఒకడు గింజ వేశాడు, దాని లెక్క కట్టి రేటు చెప్పాడు. మరి ఈ పందికి? ఎవరూ పెంచని మాంసానికి ఎవరు ఏ లెక్కన రేటు కడతారు? మటన్ రేటు చూసి, దానికంటే ఒక మూడొందలు తగ్గించారు. ఇంకో లెక్క ఏమీ లేదు.

సాయంత్రం అమెరికా నుంచి పెద్దాడు ఫోన్ చేశాడు. చెప్తే వాడి ఆఫీసు స్నేహితుడి సంగతి చెప్పాడు. ఆయన ఏటా నవంబర్‌లో లైసెన్సు కట్టి జింక వేటకి వెళ్తాడట. మాంసం ప్యాకెట్లు కట్టి స్నేహితులకి ఇస్తాడట. "వేటాడింది ఇక్కడ అమ్మకూడదమ్మా. తినొచ్చు, ఊరికే ఇవ్వొచ్చు. హోటళ్లలో దొరికేది ఫారంలో పెంచింది, చాలావరకు న్యూజిలాండ్ నుంచి వస్తుంది" అన్నాడు. అక్కడా పోగే అన్నమాట, అనుకున్నాను.

ఆ దేశం అది ఊరికే నేర్చుకోలేదు. ఎనిమిదో తరగతి పిల్లలకి నేను ఏటా చెప్పే పాఠమే. ప్యాసింజర్ పావురాలు వందల కోట్లు ఉండేవి అక్కడ. గుంపు ఎగిరితే ఎండ కనిపించేది కాదట. రైళ్లొచ్చాయి, టెలిగ్రాఫ్ వచ్చింది. గుంపు ఎక్కడ వాలిందో తంతి కొడితే వేటగాళ్లు రైలెక్కి వచ్చి చంపి, పీపాల్లో కుక్కి పట్నాలకి పంపేవాళ్లు. బీదవాళ్లు రోజూ తినగలిగినంత చౌక. అడవులు కొట్టేయడమూ తోడైంది. 1900లో చట్టం తెచ్చే వేళకి ఆలస్యమైపోయింది. ఆఖరి పావురం 1914 సెప్టెంబర్ 1న సిన్సినాటి జూలో చచ్చిపోయింది. ఈ పాఠం చెప్పిన ప్రతిసారీ క్లాసు నిశ్శబ్దంగా అయిపోతుంది. డాబా మీద అక్కకి ఇది చెప్పి ఉండాల్సింది.

ఇక్కడి దాకా రాసి, ఇంక పడుకోవచ్చు అనుకున్నాను. కానీ ఏడింటికి, అమ్మమ్మ వాళ్ల ఊళ్లో సేద్యం చేసే మా బావతో మాట్లాడింది రాయకపోతే పైన రాసిందంతా సగమే.

పంది ఎటువైపు నుంచి వస్తోందో కనుక్కుందామని నేనే చేశాను. మంచె మీద ఉన్నాడు. "నాలుగు రాత్రుళ్లుగా ఇక్కడే పండుకుంటన్నా అమ్మాయ్. మొక్కజొన్న కంకి పాలు పట్టింది. మొన్న రాత్రి ఒక్క గంట కన్ను మూతపడితే ముప్పై సెంట్లు పడేసినయ్" అన్నాడు. నేను 600 సంగతి చెప్పాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. వెనక రేకు డబ్బా మోగుతోంది. "నా కంకులు తిని బలిసిన పంది మీ ఊళ్లో ఆరొందలకి అమ్ముతున్నారా? మరి నాకేం వచ్చింది?" అన్నాడు.

ఎవరూ పెంచని మాంసం అని పైన రాశాను. కొట్టేద్దామా అనుకుని ఉంచేశాను. అది తప్పు. ఆ పందిని మా బావ పెంచాడు. విత్తనం, యూరియా, కూలీ, నాలుగు రాత్రుల నిద్ర పెట్టి పెంచాడు. 600లో ఆయన వాటా ఒక్క రూపాయి లేదు. పాఠం చెప్పిన నోరు మూతపడింది నాకు. కేరళలో 2022 నుంచి పంటల మీద పడే పందులని కాల్చడానికి పంచాయతీ పెద్దలు అనుమతి ఇవ్వొచ్చు, కానీ చచ్చినదాన్ని తినకుండా పూడ్చిపెట్టాలి అని చెప్తే, "తిండిని పూడ్చిపెట్టడమేంది?" అన్నాడు. తిండి పారేయకూడదని నాకు నేర్పిన ఇల్లే కదా అది. ఒక గంటసేపు నేను పూర్తిగా బావ పక్షమే అయిపోయాను. రైతు పొలంలో పడిన పందిని రైతునే అమ్ముకోనిస్తే, డాక్టరు చూసి ముద్ర వేస్తే, ఆ డబ్బు నష్టానికి సరిపోతుంది కదా అనుకున్నాను.

తర్వాత కాగితం తీసి లెక్క వేశాను. మోస్తరు పందికి నలభై కిలోల మాంసం అనుకుందాం. కిలో 600 అంటే 24,000. 2025-26కి మొక్కజొన్న మద్దతు ధర క్వింటాలుకి 2,400. ఒక్క పంది పది క్వింటాళ్ల మొక్కజొన్న! ఆ లెక్క తెలిశాక మంచె ఎక్కి డబ్బా కొట్టేది ఎవరు? కంకులని ఎరగా వదిలేసి చుట్టూ కరెంటు తీగ లాగుతారు. తీగకి పంది ఏదో, దుప్పి ఏదో తెలియదు. ఆ ఊరు పులుల అడవి అంచున ఉంది. మూడేళ్ల కిందట పక్క ఊళ్లో పందులకి వేసిన తీగ తగిలి, రాత్రిపూట మోటారు వెయ్యడానికి వెళ్లిన ఒకాయన పోయాడు. ఆయన్ని మోసిన నలుగురిలో బావ ఒకడు. అందుకే ఆయన తీగ వెయ్యడు. అందుకే మంచె మీద పడుకుంటాడు. నేను గంటసేపు ఆయన తరఫున కట్టిన లెక్క ఆయనే ఒప్పుకోడు.

అమ్మకూడదు. అందులో నాకిప్పుడు అనుమానం లేదు. ముప్పై సెంట్ల మొక్కజొన్న డబ్బు బావకి ఎవరిస్తారన్నది మాత్రం ఎంత ఆలోచించినా తేలట్లేదు. అబ్బాయికి రేపు జవాబు పెట్టాలి, నాటుకోడి తప్ప ఇంకేదీ మాకు పెట్టొద్దని.

ఎనిమిదిన్నరకి పై నుంచి మసాలా వాసన వచ్చింది. ఆయన లేచి వెళ్లి హాల్లో కిటికీ వేసేశారు. ఏమీ అనలేదు. నేనూ అనలేదు. తర్వాత ఇద్దరం బీరువా ముందు కూర్చున్నాం. ఫోన్ పెట్టేసే ముందు బావ ఒక్కటే అడిగాడు. "పాత చీరలుంటే పంపు. సంక్రాంతికి ఇచ్చినవి ఎండకి చివికిపోయినయ్." పొలం చుట్టూ చీరలు కడితే లోపల మనుషులున్నారని పందులు బెదురుతాయట, కొన్నాళ్లన్నా. ముదురు రంగులవే ఏడు తీశాను. ఆకుపచ్చది ఒకటి నేను పక్కన పెడితే ఆయన మళ్లీ కట్టలో పెట్టారు. రేపు ఆరున్నర మాచర్ల బస్సుకి ఇవ్వాలి. అలారం ఐదున్నరకి పెట్టాను.