సగం బ్రంబీ, సగం ఎడ్లబండి

మా ఇంటి ముందు ట్రైలర్ చూసిన ప్రతివాడూ ఫస్ట్ అడిగేది ఒకటే, "దీనికి పెట్రోల్ మూత ఎందుకు బాసూ?" అని. నిజంగానే పెట్రోల్ మూతే అది. తీస్తే లోపల ట్యాంకు ఉండదు, తాడు చుట్ట, రెండు స్పానర్లు, ఒక జత గ్లోవ్స్ ఉంటాయి. పక్కింటి బుడ్డోడికి ట్రైలర్ కూడా పెట్రోల్ తాగుద్దని చెప్తే వారం రోజులు నమ్మాడు.

ఇది ఒక పాత సుబారు బ్రంబీ యూట్‌ని కోసి, దాని వెనక సగంతో 2019 జనవరి, ఫిబ్రవరిలో చేసింది. ఎలా చేశావో రాయి రాయి అని ఫ్రెండ్స్ అడుగుతూనే ఉన్నారు, ఇప్పటికి కుదిరింది.

మేముండేది మెల్‌బోర్న్‌కి పడమర, టార్నీట్‌లో. కొత్త ఇళ్ళ ఏరియా, ఇల్లు చేతికిచ్చేటప్పుడు ముందూ వెనకా ఉత్త మట్టి, కాబట్టి ప్రతి వీకెండూ ఎవడో ఒకడు మట్టో గడ్డి చాపలో చెక్కపొట్టో మోస్తూనే ఉంటాడు, దానికి 6 బై 4 అడుగుల ట్రైలర్ అద్దెకి తెచ్చుకోవాలి, టైంకి తిరిగివ్వాలి, లేటైతే ఇంకో పూట అద్దె. మూడు నెలలు చూసి చూసి నాకు విసుగొచ్చింది. కొత్తది కొనొచ్చు, కాదనను, కానీ మనం ఆటోనగర్ రక్తం.

ఆ సంగతి తర్వాత, ముందు యూట్ గురించి. ఇండియాలో చదివేవాళ్ళకి: ముందు సగం కారు, వెనక సగం తొట్టి. ఇది పక్కా ఇక్కడి సరుకు. మా ఇంటికి పెద్ద దూరం లేని జీలాంగ్‌లోనే 1934లో ఫోర్డ్ డిజైనర్ లూ బాండ్ట్ మొదటి యూట్ తయారుచేశాడు. ఆదివారం చర్చికి వెళ్ళడానికీ సోమవారం పందుల్ని సంతకి తోలడానికీ ఒకే బండి కావాలని ఒక రైతు భార్య కంపెనీకి ఉత్తరం రాసిందట, దాన్నుంచి పుట్టింది. వాటిల్లో బుల్లిది సుబారు బ్రంబీ. బ్రంబీ అంటే ఇక్కడి అడవి గుర్రం. 1800 సీసీ ఇంజను, నాలుగు చక్రాలకీ పవర్, గొర్రెల ఫారాల్లో దాన్ని మించింది లేదంటారు, 1994 దాకా అమ్మారు.

నాకు దొరికింది ముందు భాగం చెట్టుకి గుద్దుకుని ఇంజను పక్కకి ఒరిగి, డోర్ల కింద తుప్పుపట్టి, మూడేళ్ళు గడ్డిలో పడున్న బండి. 400 డాలర్లు. ఈ మధ్య బ్రంబీలకి రేటు బాగా పెరిగింది, బాగున్నదాన్ని కోస్తే ఇక్కడివాళ్ళు నిజంగా తిడతారు, అందుకే ముందే చెప్తున్నా, ముందు సగం బతికే ఛాన్సే లేదు. వెనక సగం మాత్రం తొట్టి, తలుపు, లైట్లు, చక్రాలు అన్నీ కుదురుగా ఉన్నాయి.

అప్పుడే మా నాన్న విజిటర్ వీసా మీద వచ్చాడు. నాన్న బెజవాడ ఆటోనగర్‌లో ముప్పై ఏళ్ళు లారీ బాడీ షెడ్డుల్లో వెల్డర్. ఇక్కడికొచ్చిన నాలుగో రోజుకే టీవీ చూడలేక, పార్కులో వాకింగ్ చెయ్యలేక, "ఏదన్నా పనుంటే చెప్పరా, కాళ్ళు చేతులు పట్టేసినాయి" అంటున్నాడు. గ్యారేజీ షట్టర్ ఎత్తి బ్రంబీ చూపించా. చుట్టూ ఒకసారి తిరిగి కింద వంగి చూసి, "దీనికి చాసిస్ ఏదిరా?" అన్నాడు.

అసలు పేచీ అక్కడే. లారీకో పెద్ద పికప్‌కో అయితే కింద రెండు పొడుగు ఛానళ్ళుంటాయి, బాడీ దాని మీద కూర్చుంటది, క్యాబిన్ వెనక ఛానళ్ళు కోసి ముందుకి ఒక దూలం అతికిస్తే ట్రైలర్ అయిపోద్ది. బ్రంబీ అలా కాదు, కారు లాగా రేకంతా కలిపే ఒకటే బాడీ. క్యాబిన్‌కీ తొట్టికీ మధ్య గ్యాప్ కూడా ఉండదు. కోసిన క్షణం నుంచి అది మూత తీసేసిన అట్టపెట్టె, ఎటు లాగితే అటు మెలిపడుద్ది.

నా ప్లాన్ ఏంటంటే కోసిన చోట ఒక అడ్డ బాక్స్ పైపు వేసి, దానికి ఎదురుగా వీ ఆకారంలో రెండు పైపులు వెల్డ్ చేసి ముందు కప్లింగ్, అంటే కారుకి తగిలించే కొక్కెం, పెట్టడం. పేపర్ మీద గీసి చూపించా కూడా. నాన్న పెన్సిల్ తీసుకుని ఆ రెండు గీతల్నీ తొట్టి కింద నుంచి చివరి దాకా పొడిగించేశాడు.

"మీ తాత బండి చూశావుగా. నొగలు ఎక్కడ మొదలయ్యేయి?"

చూశాను. చిన్నప్పుడు వాటి మీద ఎక్కి ఊగిందే ఎక్కువ. ఎడ్లబండికి నొగలు రెండూ బండి వెనక చివర నుంచి మొదలై, ఇరుసు మీదుగా ముందుకొచ్చి, దగ్గరపడి కాడి దగ్గర కలుస్తాయి. ఎద్దు లాగే లాగుడు చెక్కల మీద పడదు, నేరుగా ఇరుసుకి పోద్ది. "నువ్వు గీసింది ఎట్టుందంటే, బండి పక్కచెక్కకి తాడు కట్టి ఎద్దుల్ని తోలినట్టుంది" అన్నాడు. ఇంజినీరింగ్ చదివింది నేను మళ్ళీ.

సరే, పని. ముందు పెట్రోల్ ట్యాంకు దించేశాం, దాని గొట్టాలతో సహా, బండిని ఆ వాసన పోయేదాకా రెండు రోజులు బయట వదిలేశాం, ట్యాంకు ఉండగా గ్రైండర్ ఆన్ చెయ్యడం చావుకి ఎదురెళ్ళడమే. తర్వాత వెనక డిఫరెన్షియల్, అంటే ఇంజను పవర్‌ని రెండు చక్రాలకీ పంచే గేర్ల డబ్బా. బ్రంబీలో వెనక చక్రాలు రెండూ విడివిడిగా ఊగుతాయి, మధ్యలో డిఫరెన్షియల్, దాన్నుంచి రెండు వైపులా షాఫ్టులు. ఆ షాఫ్టులకి రెండు చివర్లా సన్నటి రోల్ పిన్నులుంటాయి, పంచ్ పెట్టి కొడితే బయటికొచ్చేయాలి. ఒకటి రెండు నిమిషాల్లో వచ్చింది. మిగతా మూడింటికి ఒక శనివారం, ఒక ఆదివారం, నా బొటనవేలి గోరు పోయినాయి. షాఫ్టులు తీసినా చక్రం పట్టుకునే ముక్క హబ్బులోనే ఉండిపోద్ది, కాబట్టి చక్రాలు మామూలుగా తిరుగుతాయి, డిఫరెన్షియల్ బరువు మొత్తం పోద్ది. బ్రేకు షూలు కూడా తీసేశాం, వాడకుండా పడుంటే ఒకరోజు పట్టేసి డ్రమ్ము కాలిపోద్దని.

కొయ్యడానికి ముందు నాన్న తొట్టి లోపల నాలుగు మూలలకీ ఐమూలగా రెండు యాంగిల్ ముక్కలు టాక్ వేశాడు, అంటే చిన్న చిన్న అతుకులు, కోసాక మెలిపడకుండా. తర్వాత క్యాబిన్ డోర్ల వెనక నుంచి గీత గీసి, దారం పట్టి, మళ్ళీ గీసి, మళ్ళీ దారం పట్టాడు. నేను గ్రైండర్ పట్టుకుని నిలబడే ఉన్నా. తొట్టి ముందు గోడ అంటే క్యాబిన్ వెనక గోడే, దాన్ని ఉంచేసి దానికి నాలుగు వేళ్ళు ముందు కోశాం, పైన గోడని తొట్టి అంచు ఎత్తుకి దించేశాం. మొత్తం రెండు గంటలు పట్టింది, ఏడు డిస్కులు అయినాయి. ముందు సగం పక్కకి ఒరిగినప్పుడు మా ఆవిడ కిటికీలోంచి చూసి, "ఏమండీ, ఇది లీగలేనా?" అంది.

మర్నాడు 40 దాటిన ఎండ, పైగా టోటల్ ఫైర్ బ్యాన్. మా విక్టోరియా రాష్ట్రంలో ఆ రోజు ఆరుబయట వెల్డింగూ గ్రైండింగూ చెయ్యకూడదు, ఒక్క నిప్పురవ్వ ఎండుగడ్డిలో పడితే ఊళ్ళు పోతాయి, 2009లో పోయినాయి కూడా, ఒక్క శనివారం మొదలైన మంటల్లో 173 మంది చనిపోయారు. నాన్నకి ఇది చెప్తే మొదట నవ్వాడు, వెల్డింగ్‌కి కూడా కర్ఫ్యూనా అని. ఫోన్‌లో ఆ ఫోటోలు చూపించాక ఇంక మాట్లాడలేదు, సాయంత్రం దాకా లోపల కూర్చుని ఆవకాయ సీసాలు సర్దాడు.

కింద ఫ్రేముకి 75 బై 50 బాక్స్ పైపు, 3 మిల్లీమీటర్ల మందం. రెండు నొగలు వెనక తలుపు కింద నుంచి మొదలై, చక్రాల సస్పెన్షన్ బిగించే పాయింట్లకి ప్లేట్లతో కలిసి, తొట్టి దాటాక దగ్గరపడి ముందు కప్లింగ్ దగ్గర కలిశాయి. ఇంట్లో ఇప్పటికీ వాటిని నొగలనే అంటాం. మూల నుంచి మూలకి టేపు పట్టి చూస్తే రెండు కొలతలకీ 2 మిల్లీమీటర్ల తేడా. నేను సూపర్ అన్నా. నాన్న ఒక టాక్ కోసి, సుత్తితో రెండు దెబ్బలేసి, తేడా తీసేసి మళ్ళీ అతికించాడు.

వెల్డింగ్ దగ్గర మాత్రం ఒక చిన్న గొడవ. నా దగ్గరున్నది మిగ్ మిషను, తీగ దానంతటదే వస్తది. నాన్న జీవితమంతా రాడ్డు పట్టినవాడు, దీన్ని చూసి "కుట్టుమిషను" అని పేరెట్టాడు. సరే అని పక్కవీధి ఫ్రెండ్ దగ్గర్నుంచి ఆర్క్ మిషను తెచ్చా. పైపు మీద నాన్న వేసిన అతుకు చూస్తే కుట్టుపువ్వు లాగా వచ్చింది, చేపపొలుసు మీద పొలుసు. అదే ఊపులో తొట్టి రేకు మీద పెట్టాడు, టక్కున బొట్టుబిళ్ళంత బొక్క. ఇంకోటి. అయిదు బొక్కలయ్యాక రాడ్డు పక్కన పెట్టి, "ఏదీ, నీ కుట్టుమిషను ఇటియ్యి" అన్నాడు.

వైరింగ్ ఒక పూట పని. పాత బ్రంబీ లైట్లే పనికొచ్చాయి, బల్బులు మార్చామంతే. ఇక్కడి 7 పిన్నుల ప్లగ్గులో పసుపు ఎడమ ఇండికేటర్, ఆకుపచ్చ కుడి, ఎరుపు బ్రేకు, బ్రౌన్ టెయిల్ లైటు, తెలుపు ఎర్త్, నలుపు రివర్స్, నీలం బ్రేకులున్న ట్రైలర్‌కి. ఎర్త్ ఒక్కటి సరిగ్గా గీకి బిగించండి. నేను పెయింటు మీదే బిగించా, ఎడమ ఇండికేటర్ వేస్తే రెండు వైపులా మసగ్గా వెలిగి పెళ్ళి పందిరి లాగా కనపడింది.

ఇప్పుడు అసలు కథ. ఫస్ట్ టైం కారుకి తగిలించి ఖాళీగా వీధి చివర దాకా వెళ్ళొచ్చాం, బ్రహ్మాండం. నాన్న కప్లింగ్ విప్పి, ఒక్క చేత్తో నొగల్ని ఎత్తాడు. ఎత్తి, మొహం మాడ్చాడు. "ఇదేంట్రా, ఈకలాగా లేస్తంది?"

మా ఆవిడ బాత్రూమ్ తూకం మిషను తెచ్చి కప్లింగ్ కింద పెట్టాం, 9 కిలోలు చూపించింది. ట్రైలర్ మొత్తం బరువు 260. ఖాళీగా ఉన్నా నిండా ఉన్నా మొత్తంలో సుమారు 10 శాతం కారు వెనక కప్లింగ్ తగిలించే బంతి మీద పడాలంటారు ఇక్కడ, అంటే 26 దాకా ఉండాలి. ఎందుకు తగ్గిందంటే, యూట్‌లో వెనక ఇరుసు తొట్టి కింద ఉంటది, ముందు ఇంజనూ క్యాబినూ బరువు పట్టుకుని ఉంటాయి కాబట్టి అక్కడ ఏం ఫర్వాలేదు. ముందు సగం కోసేశాక అదే ఇరుసు తొట్టికి ఇంచుమించు నడిమధ్యలో మిగిలింది. అలాంటి తొట్టిలో నాలుగు బస్తాలు వెనక్కి వేస్తే ముందు భాగం కారుని పైకి లేపుద్ది, 80 స్పీడులో తోక ఊపడం మొదలుపెడుద్ది, అలా ఊగి తిరగబడిన ట్రైలర్ని జీలాంగ్ రోడ్డు మీద నేనే ఒకసారి చూశా.

నాన్న దీన్ని ఒక్క ముక్కలో చెప్పాడు. వరిగడ్డి వెనకబరువు వేస్తే కాడి పైకి లేచి ఎద్దుల గొంతు పట్టేస్తది, ముందుబరువు వేస్తే మెడ మీద పుండు పడుద్ది, తాత గడ్డి వేసేటప్పుడు మధ్యలో ఆగి కాడి ఎత్తి చూసేది అందుకే. మనం బాత్రూమ్ మిషను పెట్టాం, ఆయన భుజం పెట్టేవాడు, అంతే తేడా.

ఇరుసు జరపడం మా వల్ల కాదు, సస్పెన్షన్ మొత్తం బాడీకి బిగించి ఉంది. కాబట్టి ముందు బరువు పెంచాం. బ్రంబీలో స్టెప్నీ ఎక్కడుంటదో తెలుసా, బానెట్ కింద ఇంజను నెత్తి మీద! ముందు సగంతో పాటు పారేయకుండా దాచినందుకు దాన్నే నొగల మీద నిలబెట్టి బిగించాం. అసలు దాచింది కూడా ఎందుకంటే బ్రంబీ చక్రానికి 4 బోల్టులు, 140 మిల్లీమీటర్ల సర్కిల్, మా కారు స్టెప్నీకి 5 బోల్టులు, దారిలో పంక్చరైతే అది పనికిరాదు. దాని పక్కన ఒక ఇనప టూల్ బాక్స్. మళ్ళీ తూకం, 28. నాన్న ఎత్తి చూసి తలూపాడు. మా ఆవిడ మిషను కడిగి ఇచ్చేశా, కడగలేదనే ఇప్పటికీ అంటది.

రిజిస్ట్రేషన్ గురించి ఎక్కువ రాయను, బీపీ వస్తది. చిన్న ట్రైలర్ల రూల్సన్నీ అప్పట్లో వీఎస్‌బీ 1 అనే ఒక బులెటిన్‌లో ఉండేవి, ముందు అది చదివి పని మొదలుపెట్టాం కాబట్టి పెద్దగా తప్పులు పోలేదు. బ్రేకులు లేకుండా చక్రాల మీద పడే బరువు 750 కిలోలు దాటకూడదు, సేఫ్టీ చైను మీద స్టాండర్డ్ నంబర్ గుద్ది ఉండాలి, కప్లింగ్ మీద కెపాసిటీ ఉండాలి, ట్రైలర్ వివరాల ప్లేటు ఉండాలి. నా చైను ఓకే, దాన్ని కలిపే షాకిల్ మీద మాత్రం ఏ గుర్తూ లేదు, 6 డాలర్ల ముక్క కోసం వెనక్కి పంపారు. రెండోసారి వే బ్రిడ్జి చీటీ మర్చిపోయా, అది నా తప్పే. 2021 జులై నుంచి ఇక్కడి కేంద్రం చట్టం మారింది, కాబట్టి ఇప్పుడు చేసేవాళ్ళు నా పోస్టు చూసి కాదు, ఇవాళ్టి రూల్ చూసి మొదలుపెట్టండి.

ఇంకో ముచ్చట. ఈ బ్రంబీనే అమెరికాలో బ్రాట్ పేరుతో అమ్మారు. అక్కడ బయటి నుంచొచ్చే చిన్న ట్రక్కుల మీద 1964 నుంచి 25 శాతం సుంకం, యూరప్ వాళ్ళు అమెరికా కోళ్ళ మీద పన్ను పెంచితే దానికి బదులుగా పెట్టింది. సుబారు వాళ్ళు ఏం చేశారంటే, తొట్టిలో వెనక్కి తిరిగి కూర్చునే రెండు ప్లాస్టిక్ సీట్లు బిగించి, ఇది ట్రక్కు కాదు ప్యాసింజర్ బండి అన్నారు. ఇది చెప్తే నాన్న పడీ పడీ నవ్వాడు. "ఆటోనగర్ వోళ్ళే అనుకున్నా, జపానోడు కూడానా!"

నాన్న మార్చిలో వెళ్ళిపోయాడు. అప్పటినుంచి ఈ ట్రైలర్ కాలనీలో సగం ఇళ్ళకి మట్టి మోసింది, రెండు వినాయక చవితి పందిళ్ళ సామాను మోసింది, ఒక ఫ్రిజ్ మెల్టన్ నుంచి వచ్చింది. నాన్న ఫోన్ చేస్తే ముందు మనవరాలు ఎలా ఉందని, వెంటనే బేరింగులకి గ్రీజు పెట్టావా అని.

పోయిన నెల చెత్త పారేసే యార్డులో ఒక ముసలాయన వచ్చి తొట్టి చుట్టూ తిరిగి, వెనక తలుపు ఎత్తి దించి చూసి, ఈ తలుపొక్కటీ ఇస్తావా, 500 ఇస్తా అన్నాడు. నేను మొత్తం బండి కొన్నదే 400కి! రాత్రి నాన్నకి చెప్పా.

"అమ్మకు," అన్నాడు, "తలుపు లేకపోతే మట్టంతా రోడ్డు మీదే పోద్ది." కాసేపాగి, "ఇంకో బండి ఏదన్నా పడుందేమో కనుక్కో ఆయన్ని."