శనివారం సెమినార్, 561 గోల

మా సెమినార్ ఎవరో పెట్టమంటే పెట్టింది కాదు, స్టూడెంట్స్‌మి మేమే పెట్టుకున్నాం. మ్యాథ్స్ వాళ్ళం, కంప్యూటర్స్ వాళ్ళం కలిపి పది పన్నెండు మందిమి, శనివారం నాలుగింటికి. రూల్ ఒక్కటే, స్లైడ్స్ వద్దు, సుద్దముక్కతో బోర్డు మీదే చెప్పాలి. స్లైడ్స్‌లో అయితే మనకే అర్థం కాని లైను కూడా దాటిపోద్ది, చేత్తో రాసేటప్పుడు మాత్రం సరిగ్గా అక్కడే చెయ్యి ఆగిపోద్ది.

నిన్న నా వంతు, ఏకేఎస్ టెస్ట్ తీసుకున్నాను. ఒక నంబరు ప్రైమా కాదా అన్నది పాలినోమియల్ టైమ్‌లో, అంటే అంకెలు పెరిగే కొద్దీ టైమ్ చెయ్యి దాటిపోకుండా, ర్యాండమ్ అన్న మాటే లేకుండా తేల్చేయొచ్చని 2002 ఆగస్టులో ఐఐటీ కాన్పూర్ నుంచి మణీంద్ర అగర్వాల్, నీరజ్ కయాల్, నితిన్ సక్సేనా చూపించారు. అందులో ఇద్దరు అప్పుడే బీటెక్ అయిన కుర్రాళ్ళు. ఆ ముక్క చెప్పగానే వెనక బెంచీ వాళ్ళు కూడా సర్దుకుని కూర్చున్నారు.

ముందు ఫెర్మా టెస్ట్ చెప్పాను, ఎన్ ప్రైమ్ అయితే, ఎన్‌తో పోని ఏ నంబరునైనా బేస్‌గా తీసుకుని దాన్ని ఎన్ కంటే ఒకటి తక్కువ పవర్‌కి తీసుకెళ్ళి ఎన్‌తో భాగిస్తే శేషం ఒకటే రావాలి. వెంటనే మా జూనియర్ తమ్ముడు "అక్కా, దీంతోటే అయిపోద్ది కదా, మరింకేటి?" అన్నాడు. బోర్డు మీద 561 రాసి సుద్దముక్క వాడి చేతిలో పెట్టాను. 3, 11, 17 అని విడగొట్టాడు, ఒక్కోదాంట్లో ఒకటి తీసేస్తే 2, 10, 16, ఈ మూడింటితోనూ 560 నిశ్శేషంగా పోతుంది. అంటే 561తో ఉమ్మడి కారణాంకం లేని ఏ బేస్ తీసుకున్నా టెస్ట్ పాసైపోతుంది, కానీ అది ప్రైమ్ కాదు! వాడు కాసేపు బోర్డు వైపు అలా చూస్తూ ఉండిపోయాడు, ఈలోగా ముందు వరసలో అమ్మాయి 1729 కూడా ఇంతే అంది, 7, 13, 19, అవునూ 1728 పోతుంది 6తో, 12తో, 18తో, రామానుజన్ గారి టాక్సీ నంబరు ఇక్కడ కూడానా అని ఒకటే గోల.

ఏకేఎస్ అసలు ఐడియాకి ఇరవై నిమిషాలే మిగిలింది. ఎక్స్ ప్లస్ ఏ ని ఎన్‌ పవర్‌కి తీసుకెళ్తే, ఎన్ ప్రైమ్ అయితే మధ్యలో కోఎఫిషియెంట్లన్నీ ఎన్‌తో పోతాయి, కానీ అన్ని టర్మ్స్ చూడలేం కాబట్టి ఎక్స్ పవర్ ఆర్‌లోంచి ఒకటి తీసేసి, దాంతో భాగించి శేషమే చూస్తారు. ఆ ఆర్ చిన్నదైనా చాలు అనే ప్రూఫ్ దగ్గర ఆగిపోయాను, అది వచ్చే శనివారం.

తర్వాత సిరిపురంలో టీ తాగుతూ స్టాటిస్టిక్స్‌లో పెద్దాయన సి.ఆర్.రావు గారి సంగతి వచ్చింది. మన ఆంధ్రా యూనివర్సిటీలోనే లెక్కలు చదివారాయన. కలకత్తాలో పాఠం చెప్తుంటే, శాంపిల్ చూసి వేసే అంచనా ఎంత కచ్చితంగా ఉండగలదో పెద్ద శాంపిల్స్‌కి స్టాటిస్టీషియన్ ఫిషర్ చెప్పింది చిన్న వాటికీ నిలుస్తుందా అని ఒక స్టూడెంట్ అడిగాడట, ఆ రాత్రే కూర్చుని తేల్చారు, 1945లో అచ్చయింది, ఆ కచ్చితత్వానికి హద్దు చెప్పేదే ఇప్పటి క్రామెర్-రావు బౌండ్. నిన్న ఆ తమ్ముడు అడగకపోతే నేను 561 రాసేదాన్నే కాదు, నా నోట్స్‌లో అది లేదు.

రాత్రి పదకొండింటికి వాడి మెసేజ్, ప్రోగ్రామ్ రాశాడంట, "పదివేల లోపు 561 లాంటివి ఏడే ఉన్నాయక్కా, మరి ఇవి ఎక్కడన్నా ఆగుతాయా?" ఆగవు, 1994లో ఆల్ఫర్డ్, గ్రాన్‌విల్, పొమెరాన్స్ తేల్చారు, ఆ పేపర్ నువ్వే చెప్పాలి అన్నాను. నా తర్వాత, ఆ పై శనివారం వాడిది.