అమ్మ అరవైకి అమ్మ మాటలే

అమ్మ పుట్టిన తేదీ మాకెవరికీ సరిగ్గా తెలియదు. ఆధార్‌లో జూలై ఒకటి అని ఉంది, అది బడిలో సారు రాసి పడేసింది. అమ్మమ్మ చెప్పింది రెండే ముక్కలు: విశ్వావసు నామ సంవత్సరం, సద్దుల బతుకమ్మ తెల్లారి. అంటే 1965. తెలుగు ఏళ్ల పేర్లు అరవై కాబట్టి 2025 ఉగాదికి మళ్లీ విశ్వావసే వచ్చింది. షష్టిపూర్తి మాటెత్తితే, "మీ నాయిన ఉంటే చేసుకునేది. నాకేంది బిడ్డా" అంది. సరే, పుట్టినరోజే చేద్దామనుకున్నాం.

మాది వరంగల్ కొత్తవాడ, జంపఖానాలు నేసే వాడ. నాన్న మగ్గం మీద ఉంటే అమ్మ పక్కనే కూర్చుని రాట్నం మీద కండెలు చుట్టేది. 2018లో మన జంపఖానాలకు జీఐ (భౌగోళిక) గుర్తింపు వచ్చిందని పేపర్ చదివి వినిపిస్తే, "మంచిదే. కూలి పెరిగిందా?" అని అడిగిన మనిషి.

అన్న ఫ్లెక్సీ కొట్టిస్తానన్నాడు. షాపతను అమ్మ మీద రెడీమేడ్ కొటేషన్లు చూపించాడట. అన్నింట్లోనూ అమ్మ దేవతో, దీపమో. మూడు ఏరి నాకు పంపితే అమ్మకు చదివి వినిపించాను. మూడూ విని, "గిది ఎవల అమ్మ?" అంది.

ఫ్లెక్సీ అక్కడితో క్యాన్సిల్. ఆ రాత్రి వాట్సాప్‌లో అన్న, నేను, చెల్లె కూర్చుని అమ్మ అన్న మాటలే గుర్తు చేసుకున్నాం. పన్నెండు దాటినా ఆగలేదు. చెల్లెకు పదో తరగతి లెక్కల్లో పోయినప్పుడు అన్నది: "ఏడిస్తే ఏడువు. పుస్తకం మీద ఏడువకు, తడుస్తది." నాకు పెళ్లయిన కొత్తలో: "ఇంటికొచ్చినోళ్లను తిన్నరా అని అడగకు. కాళ్లు చేతులు కడుక్కోండ్రి అను." ఇది నేను హైదరాబాద్‌లో ఇప్పటికీ పాటిస్తున్నా, మా ఆయనకు టెన్షన్ అయినా సరే. అన్నకు గుర్తున్నది మగ్గం మాట: "తెగిన పోగు కనవడ్డప్పుడే ముడెయ్యి. రేపంటే గజం ఖరాబైతది."

ఇవన్నీ చీటీల మీద పెద్దక్షరాలతో రాశాం. అమ్మ నాలుగో తరగతి దాకే చదివింది, కూడబలుక్కుని చదువుతుంది. నాన్న నేసిన ఆఖరి జంపఖానా ఒకటి పెట్టెలో ఉండె. దాన్ని గోడకు వేలాడదీసి, కింద కుచ్చుల పోగులకు చీటీలు కట్టాం.

పొద్దున భద్రకాళి గుడి, సాయంత్రం బగారన్నం, కోడికూర, కేకు. కేకు మీద అమ్మ మనసు లేదు. కళ్లద్దాలు పెట్టుకుని చీటీల ముందు కూర్చుంది.

"అప్పు తెచ్చి పండుగ చెయ్యకు. పండుగ మల్లొస్తది, అప్పు పోదు" అన్నదాని దగ్గర ఆగింది. "ఇది నాది కాదు, మీ నాయినది. నేను అప్పు తెచ్చే చేసేదాన్ని" అని నవ్వింది. తీసేద్దామా అని అన్న అడిగితే, "ఉండనియ్" అంది. మగ్గం మాట దగ్గర మాత్రం మమ్మల్నే తిట్టింది: "గజమెక్కడిది? జానెడన్న. మీరు పెంచిండ్రు."

తర్వాత చీటీ వెనక వేలు పెట్టి చూసి, "ఈ ముళ్లు ఎవలేసిండ్రు?" అంది. నేనే. పిల్లలు కేకు కోయమని గోల పెడుతున్నారు. ఆమె ఒక్కో ముడి విప్పి, పోగుకు పోగు కలిపి, నేతోళ్ల ముడి మళ్లీ వేసుకుంటూ పోయింది.