మెలికల ముగ్గు వేసే కారు: నా అనుభవం

మెలికల ముగ్గులో గీత చుక్కను తాకదు, చుట్టేసి వెళ్తుంది. బయల్దేరిన చోటికే వచ్చి కలుస్తుంది. చెన్నైలో సిక్కు కోలం అనేది దీన్నే. మార్గళిలో (మన ధనుర్మాసం) మైలాపూరు మాడ వీధుల్లో ఏ గుమ్మం ముందు చూసినా ఒక రేస్ ట్రాక్ ఉంటుంది. అందుకే ఒక వీడియో గేమ్ అనుకున్నాను: కారు వెనక నుంచి పిండి రాలాలి, ముగ్గు ముగిస్తే లెవెల్ ముగిసినట్టు. దీనికి గోడాట్ 4లో (గేమ్‌లు తయారుచేసే సాఫ్ట్‌వేర్) ప్రోటోటైప్ చేశాను.

మొదటి తప్పు చుక్కల లెక్కలోనే. చూడ్డానికి బాగుందని 4×4 పెట్టాను. కారు ఒక చుట్టు తిరిగి మొదటికొచ్చింది, ముగ్గు చాలావరకు మిగిలిపోయింది. ఎదురు చుక్కలతో వేసే దీర్ఘచతురస్రంలో ఎన్ని విడి గీతలొస్తాయో ఆ రెండు అంకెల గ.సా.భా. చెప్పేస్తుంది: 4×4కి నాలుగు, 4×6కి రెండు, 3×4కి ఒకటి. సందు చుక్కలకు ఈ సూత్రం కుదరదు, వాటి జోలికి పోలేదు. (ముగ్గులకు వ్యాకరణం రాయొచ్చని తాంబరం క్రిస్టియన్ కాలేజీలో గిఫ్ట్ సిరోమనీ, రాణీ సిరోమనీ 1970లలోనే చూపించారు.)

అసలు తిప్పలు మలుపు దగ్గర. చుక్కకీ చుక్కకీ 96 పిక్సెల్స్ ఇచ్చాను. మూల చుక్క చుట్టూ గీత అరవృత్తంగా తిరగాలి, దాని వ్యాసార్ధం 96లో 0.354 వంతు, అంటే 34. కారు మలుపు వ్యాసార్ధం ఎంతంటే, ఇరుసుల మధ్య దూరాన్ని స్టీరింగ్ కోణం టాంజెంట్‌తో భాగించాలి. ఇరుసుల మధ్య 20, కోణం 30 డిగ్రీలు అయితే 34.6. అర పిక్సెలేగా అనుకుంటాం. కానీ స్టీరింగ్ పూర్తిగా తిరగడానికి పావు సెకను పడుతుంది, సెకనుకు 120 వేగంలో ఈలోపే కారు 30 పిక్సెల్స్ ముందుకెళ్లి ముగ్గు బయట పడుతుంది. 35 డిగ్రీలు చేస్తే 28.6 వచ్చింది, దారికొచ్చింది.

వేళ్ల సందు నుంచి పిండి ఒకే తీరున జారుతుంది కాబట్టి చెయ్యి నెమ్మదిస్తే గీత లావెక్కుతుంది. ఆటలోనూ అంతే: గీత మందం = 960 ÷ వేగం. 120 దగ్గర 8, 240 దగ్గర 4. కారు ఆగితే సున్నాతో భాగహారం, అందుకని 4కీ 12కీ మధ్య బిగించాను. గీతకు గోడాట్‌లో బిందువులను కలిపి గీత గీసే లైన్2డి వాడితే సెకనుకు 60 బిందువులు పోగవుతాయి, కాసేపటికి ఫోన్ మొరాయిస్తుంది. దాని బదులు సబ్‌వ్యూపోర్ట్ (విడిగా బొమ్మ గీసుకునే కాన్వాస్ లాంటిది) క్లియర్ మోడ్‌ను ‘నెవర్’ చేసి, అంటే గీసింది చెరగకుండా పెట్టి, ప్రతి ఫ్రేమ్‌లో పాత చోటు నుంచి కొత్త చోటుకి చిన్న గీత గీయాలి. చుక్కలుగా ముద్రిస్తే ఫ్రేమ్ రేటు పడినప్పుడల్లా ముగ్గు తెగుతుంది. కారు బొమ్మను అందులో పెట్టకూడదు, పెడితే వాకిలంతా కార్లే.

గెలుపు తేల్చడానికి గీతలు దాటుకునే ప్రతిచోటా ఒక ఏరియా2డి (కారు లోపలికొస్తే కనిపెట్టే ప్రాంతం) పెట్టాను. 3×4లో అలాంటివి 17, ఒక్కోదాన్నీ రెండేసిసార్లు దాటాలి. ఊరికే లెక్కపెడితే ఆడేవాళ్లు వెనక్కి తిరిగి అదే గీత మీద మళ్లీ వెళ్లి గెలిచేస్తారు. అందుకే రెండుసార్లూ అడ్డదిడ్డంగా, అంటే 90 డిగ్రీల తేడాతో దాటారా అని చూస్తున్నాను. 25 డిగ్రీల వరకు సడలింపు.

రీస్టార్ట్ బటన్‌కి కళ్లాపి చెంబు బొమ్మ పెట్టాను. లోపల జరిగేదల్లా క్లియర్ మోడ్ ‘వన్స్’కి మారడమే, అంటే గీసిందంతా ఒక్కసారి చెరిపేయడం.