అలైన్‌మెంట్ షాపులో ముందు రీడింగ్ అడగండి, కాంబర్ అంటే ఒప్పుకోకండి

వానల్లో మా ఖమ్మం రోడ్ల సంగతి చెప్పక్కర్లేదు. నీళ్ళు నిండిన ఒక గుంతలో నా స్విఫ్ట్ ఎడమ ముందు చక్రం దబ్బున పడింది. రిమ్ము వంగలేదు, టైరు పగల్లేదు. కానీ సూర్యాపేట హైవే ఎక్కాక తేడా తెలిసింది. బండి తిన్నగా పోవాలంటే స్టీరింగ్ కాస్త ఎడమకి తిప్పి పట్టుకోవాలి. మధ్యలో ఉండే గుర్తు ఒక పక్కకి ఒరిగి కనిపిస్తోంది.

కొన్ని వారాలు గడిచాక, ముందు టైర్ల నుంచి ఒక రకమైన రొద మొదలైంది. స్టీరింగ్ పూర్తిగా తిప్పి పెట్టి టైరు మీద అరచేత్తో రాసి చూశాను. బయటి అంచు నుంచి లోపలికి రాస్తే నున్నగా జారింది. లోపలి నుంచి బయటికి రాస్తే రంపం పళ్ళలా గీరుకుంది. బయటి అంచు ఎక్కువ అరిగింది కూడా. ముందు చక్రాలు ఉండాల్సినదానికన్నా లోపలికి చూస్తుంటే, అంటే టో-ఇన్ ఎక్కువైతే, అరుగుదల ఇలాగే ఉంటుంది. గాలి చూపించాను, నాలుగింట్లోనూ సరిగ్గానే ఉంది. ఇక తేడా అలైన్‌మెంట్‌లోనే, అంటే చక్రాలు నిలబడే కోణాల్లోనే అని తేలిపోయింది.

దగ్గర్లో ఉన్న పెద్ద టైర్ల షాపుకి వెళ్ళాను. అక్కడ జరిగింది తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతోంది.

కుర్రాడు చక్రాలకి సెన్సార్లు బిగించాడు. ఓనరు స్క్రీన్ చూసి, "కాంబర్ అవుటయింది మేడం, రెండు వైపులా సరిచేయాలి, అలైన్‌మెంట్ కాకుండా పదిహేను వందలవుద్ది" అన్నాడు. నేను లేచి స్క్రీన్ దగ్గరికి వెళ్ళాను. కాంబర్ అంటే చక్రం పైభాగం లోపలికో బయటికో వాలే కోణం. దాని అంకెలు పచ్చగా, అంటే హద్దుల్లోనే ఉన్నాయి. టో మాత్రమే ఎర్రగా ఉంది, అదీ ఎడమ చక్రానిది. "కాంబర్ పచ్చగానే ఉంది కదండీ, ఎర్రగా ఉన్న టో సెట్ చేయండి చాలు" అన్నాను.

"ఇవన్నీ మీకు అర్థం కావులే మేడం. సార్‌కి ఫోన్ కలిపి ఇవ్వండి, నేను మాట్లాడతా" అన్నాడు. పక్కన కూర్చున్న నలుగురూ నవ్వారు. మా ఇంట్లో బండి నడిపేది నేను. మా ఆయనకి లైసెన్సే లేదు. పాల ప్యాకెట్ నుంచి భద్రాచలం ప్రయాణం దాకా స్టీరింగ్ నా చేతిలోనే ఉంటుంది.

ఈలోగా కుర్రాడు హైడ్రాలిక్ జాకీ ఉన్న ఇనుప చట్రం ఒకటి తెచ్చి చక్రం పక్కన పెట్టాడు. ఈ బండికి కంపెనీ ఇచ్చిన సర్దుబాటు ముందు చక్రాల టో ఒక్కటే. ఈ షాపుల్లో కాంబర్ సరిచేయడమంటే ఆ చట్రంతో సస్పెన్షన్ స్ట్రట్‌ని, అంటే చక్రాన్ని పట్టి ఉంచే షాక్ అబ్జార్బర్ కాలుని, బలవంతంగా వంచడమే. బాగున్నదాన్ని వంచుతారు, డబ్బులూ తీసుకుంటారు. "దాని మీద చెయ్యి వేయొద్దు, ముందు రీడింగ్ ప్రింటు ఇవ్వండి" అన్నాను. ప్రింటర్లో పేపరు లేదన్నాడు. సరే అని స్క్రీన్‌ని ఫోన్‌లో ఫొటో తీశాను. అంతే, మొహం మారిపోయింది. "మీలాంటోళ్ళతో మాకు పడదు, బండి తీసేయండి" అని సెన్సార్లు పీకించేశాడు.

బండి ఆడవాళ్ళు తెచ్చినా మగవాళ్ళు తెచ్చినా స్క్రీన్ మీద అంకెలు మారవు. ఆ మర్యాద తెలియని షాపుకి నేను రూపాయి కూడా ఇవ్వను.

మరునాడు వైరా రోడ్డు వైపు ఒక చిన్న షాపులో పని ఇట్టే అయిపోయింది. ఆ పెద్దాయన ముందు బండి పైకి లేపి, చక్రాన్ని అటూ ఇటూ, పైకీ కిందికీ ఊపి చూశాడు. స్టీరింగ్ కదలికని చక్రానికి అందించే కడ్డీ టై రాడ్. దాని చివర, అంటే టై రాడ్ ఎండ్‌లో గానీ, చక్రాన్ని కింద పట్టి ఉంచే లోయర్ ఆర్మ్ కీలు బాల్ జాయింట్‌లో గానీ వదులు ఉంటే అలైన్‌మెంట్ నిలవదు, అందుకని. ఏమీ లేదని తేలాక స్టీరింగ్ తిన్నగా లాక్ చేసి, లాక్ నట్టు వదులు చేసి, టై రాడ్ కొద్దికొద్దిగా తిప్పి సెట్ చేశాడు. ముందు రీడింగ్, తర్వాతి రీడింగ్ రెండూ ఉన్న ప్రింటు అడక్కుండానే ఇచ్చాడు. "ఇంకోసారి గుంతలో గట్టిగా పడితే చూపించమ్మా" అన్నాడు.

మీరూ షాపుకి వెళ్ళేముందు కొన్ని చూసుకోండి. 80, 90 వేగంలో స్టీరింగ్ వణుకుతుంటే అది సాధారణంగా బ్యాలెన్సింగ్ సమస్య, అంటే చక్రం బరువు చుట్టూ సమానంగా లేకపోవడం, అలైన్‌మెంట్ కాదు. రెండూ కలిపి చేయాల్సిందే అంటే నమ్మకండి. బండి కొద్దిగా ఎడమకి జారితే కంగారు పడొద్దు, వాన నీళ్ళు పోవడానికి మన రోడ్లు చాలాచోట్ల అంచువైపు వాలుగా వేస్తారు. చదునైన రోడ్డు మీద కూడా లాగితేనే అనుమానించాలి. అప్పుడు కూడా గాలి చూసి, ముందు టైర్లు రెండూ అటుదిటు మార్చి చూడండి. లాగడం వైపు మారితే తప్పు టైరుది. టై రాడ్ ఎండో, లోయర్ ఆర్మో మార్పిస్తే మాత్రం అలైన్‌మెంట్ తప్పకుండా చేయించాలి.

ఇప్పుడు స్టీరింగ్ నిటారుగా ఉంది, బండి తిన్నగా పోతోంది. రొద మాత్రం కొంచెం వస్తూనే ఉంది. రంపంలా అరిగిన రబ్బరు అలైన్‌మెంట్‌తో నున్నబడదు కదా. గాడుల లోతు ఇంకా టైరు మార్చాల్సిన 1.6 మిల్లీమీటర్ల హద్దుకి చాలా పైనే ఉంది కాబట్టి ఆ టైర్లతోనే తిరుగుతున్నాను.