నైట్రోజన్ లెక్క, ప్రోటీన్ పేరు

ప్రోటీన్ పౌడర్ డబ్బా వెనకాల రాసిన గ్రాములు చూసి మురిసిపోతాం కదా, ఆ అంకె చాలాసార్లు ప్రోటీన్‌ని కొలిచి వేసింది కాదు. కొలిచేది నైట్రోజన్‌ని.

జీవుల్లోని పెద్ద అణువులన్నిట్లో కార్బన్, హైడ్రోజన్, ఆక్సిజన్ ఎలాగూ ఉంటాయి కాబట్టి వాటిని పట్టుకుని ఏది ఏదో తేల్చలేం. గుట్టు విప్పేవి మిగతా మూడే: నైట్రోజన్, ఫాస్ఫరస్, సల్ఫర్. పిండిపదార్థంలో (స్టార్చ్‌లో), నూనెలో నైట్రోజన్ ఉండదు, ప్రోటీన్ బరువులో మాత్రం సుమారు 16 శాతం అదే. కోపెన్‌హాగెన్‌లో కార్ల్స్‌బర్గ్ బీరు కంపెనీ ల్యాబ్‌లో పనిచేసే యోహాన్ జెల్డాల్ దాన్ని కొలిచే దారి 1883లో చూపించాడు. శాంపిల్‌ని గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లంలో మరిగించి, తర్వాత క్షారం కలిపితే నైట్రోజన్ అంతా అమ్మోనియాగా బయటికొస్తుంది, దాన్ని పట్టి లెక్కగట్టి 6.25తో గుణిస్తే ప్రోటీన్ ఎంతో తేలిపోతుంది.

చిక్కల్లా ఏంటంటే, ఆ నైట్రోజన్ ఎక్కడినుంచి వచ్చిందో ఈ టెస్టుకి పట్టదు. 2008లో చైనాలో బయటపడిన బాగోతం అదే: పాలల్లో నీళ్లు పోసి, ఆ లోటు కనపడకుండా మెలమైన్ కలిపారు. అవును, ప్లేట్లు తయారుచేసే మెలమైనే! దాని బరువులో మూడింట రెండు వంతులు నైట్రోజన్, ఇంకేం, టెస్టులో నీళ్లపాలు కూడా పాసైపోతాయి. ఆ పాలపొడి తాగిన పసిపిల్లల కిడ్నీల్లో రాళ్లు పడ్డాయి. దాదాపు 3 లక్షల మంది జబ్బుపడ్డారు, ఆరుగురు చనిపోయారు. పద్ధతిని తిట్టి లాభం లేదు, మోసం చేసినవాళ్లకి కెమిస్ట్రీ బాగా తెలుసు, అంతే.

మూలకాన్ని పట్టుకుని అణువుని గుర్తుపట్టే ఇదే కిటుకు మంచికీ పనికొచ్చింది. ప్రోటీన్‌లో సల్ఫర్ ఉంటుంది (వెంట్రుక కాలితే కొట్టే కంపులో దాని వాటా ఉంది), డీఎన్ఏలో ఉండదు. డీఎన్ఏ నిండా ఫాస్ఫరస్, చాలా ప్రోటీన్లలో అది లేదు. 1952లో శాస్త్రవేత్తలు ఆల్ఫ్రెడ్ హెర్షీ, మార్తా చేజ్ బ్యాక్టీరియాకి సోకే వైరస్‌ల ప్రోటీన్‌కి రేడియోధార్మిక సల్ఫర్, డీఎన్ఏకి రేడియోధార్మిక ఫాస్ఫరస్ ఎక్కించి, బ్యాక్టీరియా మీదకి వదిలి, కాసేపయ్యాక మామూలు బ్లెండర్‌లో గిర్రున తిప్పారు. సల్ఫర్ చాలావరకు బయటే ఊడిపోయింది, ఫాస్ఫరస్ ఎక్కువగా లోపలికెళ్లింది. వారసత్వం మోసేది డీఎన్ఏనే అనడానికి అదో గట్టి సాక్ష్యం.

ఫాస్ఫరస్ అంటే మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుని తలుచుకోకుండా ఎలా! తోటి శాస్త్రవేత్త సైరస్ ఫిస్కేతో కలిసి 1925లో ఆయన ఇచ్చిన పరీక్షలో ఫాస్ఫేట్ ఉంటే నీలం రంగు వస్తుంది. కండరాల శాంపిల్‌లో మాత్రం ఆ నీలం రావాల్సినదానికన్నా మెల్లగా వచ్చింది, ఎందుకా అని తవ్వితే 1927లో కండరాల్లో శక్తిని దాచే ఫాస్ఫోక్రియేటిన్ దొరికింది, 1929లో కణాలకి శక్తినిచ్చే ఏటీపీ.