1966 షెవెల్: బ్రేకులతో మొదలుపెట్టి ఇంజన్ దాకా, మా గ్యారేజీలో నా అనుభవం

కాలిఫోర్నియాలో మా ఇంటి గ్యారేజీలో ఉన్నది 1966 షెవర్లే షెవెల్ మాలిబు, రెండు డోర్ల హార్డ్‌టాప్. కొన్నప్పుడు దాంట్లో 283 క్యూబిక్ అంగుళాల వీ8 ఇంజను, రెండే గేర్ల పవర్‌గ్లైడ్ ఆటోమేటిక్ గేర్‌బాక్సు, నాలుగు చక్రాలకూ డ్రమ్ బ్రేకులు ఉన్నాయి. ఇలాంటి బండి చేతికొస్తే ఎవరి మనసైనా ముందు ఇంజను మీదకే పోతుంది. నేను మాత్రం ఆపడం దగ్గర మొదలుపెట్టి, అక్కడి నుంచి వెనక్కి లెక్క వేసుకుంటూ వచ్చాను. ఏ బ్రేకులు పెడతామన్నది ఏ క్యామ్‌షాఫ్ట్ (ఇంజను వాల్వులు ఎప్పుడు, ఎంత తెరుచుకోవాలో నిర్ణయించే కడ్డీ) వాడొచ్చో చెబుతుంది. క్యామ్ ఏదో తేలితే టార్క్ కన్వర్టర్ (ఇంజను శక్తిని ఆయిల్ ద్వారా ఆటోమేటిక్ గేర్‌బాక్సుకు అందించే భాగం) తేలుతుంది. గేర్‌బాక్సు మారితే దాని నుంచి వెనక యాక్సిల్‌కు వెళ్లే కడ్డీ, అంటే డ్రైవ్‌షాఫ్ట్, పొడవు మారుతుంది. ఈ గొలుసు కాగితం మీద రాసుకోకుండా ఒక్క పార్టు కూడా ఆర్డర్ పెట్టకూడదని నా గట్టి అభిప్రాయం.

అసలు ఈ కారును మార్చడం సబబేనా అన్నది దానికంటే ముందు తేల్చుకున్నాను. 1966లో షెవెల్‌లోనే ఎక్కువ శక్తి ఉన్న ఎస్ఎస్ 396 ఒక ప్రత్యేక సిరీస్. 325, 360, 375 హార్స్‌పవర్ ఇంజన్లతో వచ్చింది. దాని వీఐఎన్, అంటే ఫ్యాక్టరీ వేసిన గుర్తింపు నంబరు, 138తో మొదలవుతుంది. డ్రైవర్ డోర్ కబ్జాల దగ్గరి స్తంభం మీద మా కారు నంబరు 13617తో మొదలైంది, అంటే వీ8 మాలిబు స్పోర్ట్ కూపే. తర్వాతి 6 సంవత్సరం, ఆ పక్కన కె అంటే క్యాన్సస్ సిటీ ఫ్యాక్టరీ. బ్యాడ్జీలు ఎవరైనా అతికించొచ్చు, ఆ నంబరును అంత తేలిగ్గా మార్చలేరు. అది నిజమైన ఎస్ఎస్ అయ్యుంటే నేను స్పానర్ పట్టుకునేవాణ్ణి కాదు. అలాంటి కార్లను ఉన్నవి ఉన్నట్టు కాపాడాలి. మాది కాదు కాబట్టి మారుస్తాను, కానీ బాడీలో ఎక్కడా కోత పెట్టను, తీసిన ప్రతి భాగాన్నీ చీటీ కట్టి దాస్తాను అని నిర్ణయించుకున్నాను. ఇక్కడ 1975, అంతకు ముందరి మోడళ్లకు స్మాగ్ చెక్ (పొగ కాలుష్య పరీక్ష) అక్కర్లేదు, కాబట్టి ఆ టెన్షన్ లేదు.

ఇక బ్రేకులు. పెడల్ తొక్కితే బ్రేక్ ఆయిల్‌ను చక్రాల దాకా నెట్టేది మాస్టర్ సిలిండర్. 1966 షెవెల్‌లో దానికి ఒకటే గది. ఏ ఒక్క చక్రం దగ్గర పైపు పగిలినా, సీలు పోయినా నాలుగు చక్రాల బ్రేకులూ ఒకేసారి పోతాయి. రెండు గదుల మాస్టర్ సిలిండర్ ఆ మరుసటి మోడల్ సంవత్సరంలోనే వచ్చింది. దీనికి తోడు డ్రమ్ములు వేడెక్కితే పట్టు తగ్గుతుంది, నీళ్లలో తడిస్తే ఒక్కోసారి ఒక వైపుకే లాగుతాయి. ఇలాంటి కారుకు హార్స్‌పవర్ పెంచడం ఇంట్లోవాళ్లకూ రోడ్డు మీద వాళ్లకూ అన్యాయమే.

డ్రమ్ము విప్పేటప్పుడు లోపలి దుమ్మును గాలితో ఊదకండి. పాత లైనింగుల్లో ఆస్‌బెస్టాస్ ఉండొచ్చు. మాస్కు పెట్టుకుని, తడిపి, తుడిచి, ఆ గుడ్డల్ని సంచిలో కట్టేశాను. ముందు చక్రాలకు డ్రమ్ముల బదులు నేను తీసుకున్న డిస్కు బ్రేకుల కిట్ పాత స్పిండిల్ (చక్రం తిరిగే ఇరుసు) మీదే బిగుస్తుంది. అసలు 14 అంగుళాల స్టీలు చక్రాలు కొత్త క్యాలిపర్లకు (డిస్కును ప్యాడ్లతో నొక్కే భాగాలకు) తగలడంతో 15 అంగుళాలవి తెచ్చాను. పాత పైపుల్లో లోపలి తుప్పు ఎంతుందో బయటికి కనబడదు, అందుకని వాటిని వాడలేదు. రాగి, నికెల్ కలిసిన 3/16 అంగుళాల పైపు చేత్తో వంగుతుంది, అంచును రెండు మడతలుగా ఫ్లేర్ చేయడమూ (గరాటులా విప్పడమూ) తేలిక. ఒంటి మడత ఫ్లేర్ బ్రేకు ఒత్తిడికి పగిలిపోతుంది, దాన్ని ఎప్పుడూ వాడొద్దు.

మాస్టర్ సిలిండర్ కొనేటప్పుడు చాలామంది చూడని విషయం ఒకటుంది. డ్రమ్ముల కోసం చేసిన సిలిండర్ మూతి దగ్గర లైనులో కాస్త ఒత్తిడి నిలిపి ఉంచే చిన్న వాల్వు ఉంటుంది. డ్రమ్ములకు అది కావాలి. అదే ముందు డిస్కులకు కలిపితే పెడల్ వదిలాక కూడా ప్యాడ్లు డిస్కును రాసుకుంటూ వేడెక్కుతాయి. అందుకే ముందు డిస్కు, వెనక డ్రమ్ము కలయికకు చేసిన సిలిండర్, దానికి జతగా వెనక బ్రేకులకు వెళ్లే ఒత్తిడిని తగ్గించే ప్రపోర్షనింగ్ వాల్వు తీసుకోవాలి. పెడల్ చేతికి రెండు రంధ్రాలుంటాయి: పైది బూస్టర్ (ఇంజను వాక్యూమ్‌తో పెడల్ నొక్కుడుకు బలం చేర్చే డబ్బా) లేని బ్రేకులకు, కిందిది బూస్టర్ ఉన్నవాటికి. బూస్టర్ పెట్టి కడ్డీని పై రంధ్రంలోనే ఉంచితే కోణం తప్పుతుంది, పెడల్ ఎక్కువ దూరం దిగుతుంది.

సిలిండర్‌ను బల్ల మీదే గాలి తీసి బిగించాక, లైన్లలో గాలి తీయడానికి మా అమ్మాయి సీట్లో కూర్చుంది.

“తొక్కనా నాన్నా?”

“తొక్కు తల్లీ. పట్టుకో, వదలకు.”

“కిందికి పోతోంది!”

“పోనీ, నేను చెప్పేదాకా కాలు తీయకు.”

చక్రం దగ్గర గాలి బయటికి వదిలే మర, అంటే నిపుల్, బిగించాకే కాలు తీయాలి, లేదంటే గాలి మళ్లీ లోపలికి పోతుంది. మాస్టర్ సిలిండర్‌కు దూరంగా ఉన్న వెనక కుడి చక్రంతో మొదలుపెట్టి ముందు ఎడమతో ముగించాం. బ్రేక్ ఆయిల్ చుక్క పడినా పెయింటు లేచిపోతుంది కాబట్టి ఫెండర్ల మీద దుప్పట్లు కప్పి, పక్కన నీళ్లు పెట్టుకున్నాం. పెడల్ రాయిలా గట్టిపడిందని పాప చెప్పినప్పుడు నాకు కలిగిన సంతోషం తర్వాత ఇంజను స్టార్టయినప్పుడు కూడా కలగలేదు. నిజంగానే చెబుతున్నాను.

తర్వాత ఖాళీ పార్కింగ్ స్థలంలో మెల్లగా, ఆపైన కాస్త వేగంగా గట్టిగా తొక్కి చూశాను. వెనక చక్రాలు ముందు బిగుసుకుపోతే కారు అడ్డం తిరుగుతుంది. ముందు చక్రాలు కొంచెం ముందుగా బిగిసేదాకా వాల్వు మరను తిప్పుతూ సరిచేశాను.

సస్పెన్షన్ గురించి ఎక్కువ చెప్పను, ప్రమాదం గురించి మాత్రం చెప్పాలి. ముందు కాయిల్ స్ప్రింగ్ నొక్కుకుని ఉన్నప్పుడు దాంట్లో మనిషిని చంపేంత బలం ఉంటుంది. కింది ఆర్మ్ కింద జాకీ ఉంచి, స్ప్రింగ్‌లోంచి ఛాసీకి గొలుసు చుట్టాకే బాల్ జాయింట్ విడదీశాను. ఆ పని చేసినప్పుడు ఎదురుగా కూర్చోలేదు. పై ఆర్మ్ వెనకాల ఉన్న షిమ్ములను (చక్రం కోణం సరిచేసే పలుచటి రేకులను) ఏవి ఎక్కడివో విడివిడిగా కట్టిపెట్టాను. ఈ కార్ల జ్యామితి ఇప్పటి రేడియల్ టైర్లకు ముందరి బయాస్ ప్లై టైర్ల కాలం నాటిది. మలుపులో బయటి చక్రం పైభాగం బయటికి వాలుతుంది. కాస్త పొడవైన బాల్ జాయింట్లతో అది చాలావరకు సర్దుకుంటుంది. అలైన్‌మెంట్ షాపులో పాత పుస్తకం లెక్క పెట్టబోతే వద్దని చెప్పి, కాస్టర్ (స్టీరింగ్ తిరిగే ఇరుసు వెనక్కి వాలే కోణం) దాదాపు 4 డిగ్రీలు అడిగాను. పాత లెక్క సున్నా చుట్టుపక్కలే ఉంటుంది, రేడియల్ టైర్లకు అది చాలదు. హైవే మీద స్టీరింగ్ తనంత తాను నిటారుగా నిలబడటం అప్పటి నుంచే మొదలైంది.

ఇంజను ఎంపిక దగ్గర బ్రేకుల మాట మళ్లీ వచ్చింది. బూస్టర్ పనిచేసేది ఇంజన్ ఇచ్చే వాక్యూమ్ మీదే. ఐడిల్‌లో (కారు కదలకుండా ఇంజను మెల్లగా తిరుగుతున్నప్పుడు) పాదరసం లెక్కలో 17, 18 అంగుళాల వాక్యూమ్ ఉంటే పెడల్ మెత్తగా దిగుతుంది. దడదడలాడే పెద్ద క్యామ్ పెడితే వాక్యూమ్ బాగా పడిపోతుంది, సరిగ్గా ట్రాఫిక్‌లో ఆగాల్సినప్పుడు పెడల్ మొండికేస్తుంది. ఆ శబ్దం నాకూ ఇష్టమే. అయినా చిన్న క్యామ్ ఉన్న కొత్త 350 క్యూబిక్ అంగుళాల క్రేట్ ఇంజనే (పూర్తిగా బిగించి పెట్టెలో అమ్మేదే) తీసుకున్నాను. 283, 350 రెండూ 1955లో మొదలైన అదే స్మాల్ బ్లాక్ కుటుంబం కాబట్టి మౌంట్లూ గేర్‌బాక్సు బోల్టులూ సరిపోతాయి. 1986 నుంచి క్రాంక్‌షాఫ్ట్ వెనక సీలు ఒకే ముక్కగా మారింది, దాంతో ఇంజన్‌ను టార్క్ కన్వర్టర్‌కు కలిపే పళ్లెం, అంటే ఫ్లెక్స్‌ప్లేట్, కూడా వేరే. పాతది పెడితే బరువు తూకం తప్పి ఇంజను అదురుతుంది.

మా బావ వచ్చి చెయ్యేస్తే అద్దెకు తెచ్చిన క్రేన్‌తో పాత ఇంజనూ గేర్‌బాక్సూ కలిపి పైకి లేపాం. “బావా, ఇది మళ్లీ ఎక్కుతుందంటావా?” అని అతను అడిగాడు. ప్రతి వైరుకూ చీటీ కట్టి, ఫోటోలు తీసుకున్నాం కాబట్టి ఎక్కించడం దించడం కంటే తేలికైంది. కొత్త హెచ్ఈఐ (ఎక్కువ శక్తితో నిప్పురవ్వ ఇచ్చే ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్) డిస్ట్రిబ్యూటర్‌కు పూర్తి 12 వోల్టులు కావాలి. పాత కారులో కాయిల్‌కు వెళ్లేది వోల్టేజి తగ్గించే రెసిస్టెన్స్ వైరు. దాన్నే కలిపితే ఇంజను స్టార్టవుతుంది గానీ వేగంలో తడబడుతుంది. అందుకని ఇగ్నిషన్ స్విచ్ నుంచి కొత్త వైరు లాగాను.

పవర్‌గ్లైడ్ స్థానంలో నాలుగు గేర్ల 700ఆర్4 ఆటోమేటిక్ గేర్‌బాక్సు పెట్టడానికి కారణం హైవే. 3.36 యాక్సిల్‌తో గంటకు 70 మైళ్ల దగ్గర పాత ఇంజను నిమిషానికి 3,000 చుట్లు తిరిగేది. 0.70 ఓవర్‌డ్రైవ్‌తో అది 2,100 దగ్గరికి దిగింది, మొదటి గేరు 3.06 కాబట్టి ఎత్తుకోవడం కూడా చురుకైంది. ఇది పొడవైన గేర్‌బాక్సు. దాన్ని మోసే అడ్డకమ్మీని, అంటే క్రాస్‌మెంబర్‌ను, వెనక్కి జరపాలి, డ్రైవ్‌షాఫ్ట్‌ను కోయించి బ్యాలెన్స్ చేయించాలి. షాపుకు ఇచ్చింది ఆ డ్రైవ్‌షాఫ్ట్ పని, అలైన్‌మెంట్, ఈ రెండే.

ఈ గేర్‌బాక్సుకు ప్రాణం టీవీ (థ్రాటిల్ వాల్వ్) కేబుల్. కార్బొరేటర్ నుంచి వచ్చే ఆ కేబుల్ ఎంత లాగితే లోపల ఆయిల్ ఒత్తిడి అంత పెరుగుతుంది. అది వదులుగా ఉంటే గేర్లు మెత్తగా పడుతున్నట్టే అనిపిస్తుంది, లోపల క్లచ్చులు జారి కాలిపోతుంటాయి. వేరే కంపెనీ కార్బొరేటర్ వాడితే కేబుల్ తగిలే కోణం సరిచేసే బ్రాకెట్ తప్పనిసరి. ప్రెషర్ గేజ్ తగిలించి, యాక్సిలరేటర్ పూర్తిగా నొక్కినప్పుడు కేబుల్ కూడా పూర్తిగా లాగబడుతోందని చూసుకునేదాకా కారును వీధిలోకి తీయలేదు.

మొదటి స్టార్టింగ్‌కు జింక్ ఎక్కువున్న ఆయిల్ పోశాను. ఇది ఫ్లాట్ ట్యాపెట్ క్యామ్, అంటే ట్యాపెట్లు రోలర్లు లేకుండా క్యామ్‌ను నేరుగా రాసుకునే రకం, కాబట్టి ఇంజన్ అంటుకోగానే ఐడిల్‌కు దించకుండా నిమిషానికి 2,000 చుట్ల పైన, అటూ ఇటూ మారుస్తూ 20 నిమిషాలు నడపాలి, లేకపోతే క్యామ్ అరిగిపోతుంది. సిలిండర్లు అంటుకునే 1-8-4-3-6-5-7-2 వరుసలో స్పార్క్ ప్లగ్ వైర్లు మరోసారి సరిచూసుకుని తాళం తిప్పాను. అమ్మాయి రేడియేటర్ దగ్గర ఉష్ణోగ్రత చూస్తూ నిలబడింది, బావ అగ్నిమాపక సిలిండర్ పట్టుకుని నిలబడ్డాడు.

ఇప్పుడు వారాంతాల్లో నడుపుతున్నాం. మిగిలింది స్టీరింగ్ కాలమ్. 1966 షెవెల్‌లో అది నేరుగా ఛాతీ వైపు చూసే గట్టి కడ్డీ. గుద్దుకుంటే ముడుచుకునే కాలమ్‌ను జనరల్ మోటార్స్ 1967 మోడళ్ల నుంచి ఇచ్చింది. అలాంటిదొకటి కొని పెట్టాను. దానితోపాటు ముందు సీట్లకు మూడు బిగింపుల బెల్టులు కూడా వేస్తాను. ఆ రెండూ అయ్యేదాకా అమ్మాయికి డ్రైవింగ్ సీటు ఇచ్చేది లేదని చెప్పాను.